పాప పుట్టిన ఏడాది నుంచే లెక్క

ప్రశ్న: డాక్టరుగారూ, నమస్తే. మాది చిత్తూరు. మా ఆయనకు 41 ఏళ్ళు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. మా పెద్దపాప పుట్టిన ఏడాది ఆయనకు జిగట విరేచనాలు మొదలయ్యాయి, రక్తం కూడా పడేది. మొదట అమీబా అన్నారు, తర్వాత మొలలన్నారు, అలా రెండేళ్ళు గడిచాక కెమెరా పరీక్ష చేసి అల్సరేటివ్ కొలైటిస్ అని, పెద్దపేగు మొత్తం పూత ఉందని చెప్పారు. మెసలమిన్ మాత్రలతో బాగా తగ్గింది. మూడేళ్ళుగా రక్తం లేదు. ఏడాదిన్నర కిందట మాత్రలు ఆయనే ఆపేశారు. పాపకు ఇప్పుడు 11 ఏళ్ళు. మా మామగారు 48వ ఏట పెద్దపేగు క్యాన్సర్‌తో పోయారు. ఈ జబ్బు చాలా ఏళ్ళుంటే క్యాన్సర్ వస్తుందని మా చెల్లెలు ఎక్కడో చదివి చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. పరీక్ష చేయించుకుందాం రమ్మంటే ‘బాగున్న కడుపును ఎందుకు కెలకడం’ అంటారు. నేను ఊరికే భయపడుతున్నానా? - ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: లేదమ్మా, మీరు ఊరికే భయపడటం లేదు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ‘పాపకు ఇప్పుడు 11 ఏళ్ళు’ అన్నది. చాలామంది ఈ జబ్బు వయసును పరీక్షలో బయటపడిన రోజు నుంచి లెక్కపెడతారు. అలా చూస్తే మీ ఆయనది తొమ్మిదేళ్ళ జబ్బు. కానీ పేగుకు ఆ తేదీతో పనిలేదు. మొదటిసారి రక్తం పడ్డప్పటి నుంచే లోపల వాపు ఉంది, కాబట్టి అసలు లెక్క 11 ఏళ్ళు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, కొలైటిస్ ఉన్నవాళ్ళకు లక్షణాలు మొదలైన 8 ఏళ్ళకల్లా, ఒంట్లో బాగున్నా సరే, ఒక కొలనోస్కోపీ, అంటే అదే కెమెరా పరీక్ష, చేసి పేగంతా వెతికి చూడాలని ప్రపంచంలో చాలాచోట్ల పాటిస్తున్నారు. మీ ఆయన ఆ గడువు దాటి మూడేళ్ళయింది.

ముందు ధైర్యం చెప్పే మాట చెప్తాను, ఎందుకంటే అదీ నిజమే. అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి పెద్దపేగు క్యాన్సర్ ఎప్పటికీ రాదు. 2001లో 116 అధ్యయనాలను కలిపి లెక్కవేసిన ఒక పెద్ద సమీక్ష వచ్చింది. జబ్బు మొదలై 10 ఏళ్ళయ్యేసరికి నూటికి 2 మందికి, 20 ఏళ్ళకు 8 మందికి, 30 ఏళ్ళకు 18 మందికి క్యాన్సర్ వచ్చిందని అందులో తేలింది. ఆ అంకెలు చూసి గుండె జారిపోనక్కర్లేదు. అందులో చాలా లెక్కలు బాగా ముదిరిన రోగులు చేరే పెద్ద ఆసుపత్రుల నుంచి వచ్చినవి, తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ముప్పు అంతకన్నా తక్కువే కనిపించింది. మందులు మెరుగయ్యాయి, కెమెరాలు మెరుగయ్యాయి, గడువు ప్రకారం చూసుకునేవాళ్ళు పెరిగారు. అయితే ఆ తగ్గిన ముప్పు మందులు వాడుతూ పరీక్షలకు వచ్చేవాళ్ళది కూడా కలిసిన లెక్క. మీ ఆయన ప్రస్తుతానికి ఆ రెండూ చేయడం లేదు కదా, నా బాధంతా అదే.

అందరికీ ముప్పు ఒకటే కాదు. పేగులో ఎంతమేర వాపు ఉందన్నది చాలా పెద్ద తేడా తెస్తుంది. 1990లో స్వీడన్‌లో మూడువేల మందికి పైగా రోగులను పరిశీలించి ఒక లెక్క తీశారు. వాపు మలాశయానికే పరిమితమైతే ముప్పు మామూలు జనంతో పోలిస్తే 1.7 రెట్లు, అంటే పెద్ద తేడా లేదు. ఎడమవైపు పేగు వరకు పాకితే 2.8 రెట్లు. పేగు మొత్తానికి పాకితే 14.8 రెట్లు. ఈ ఆఖరి అంకె కూడా పాతకాలపు వైద్యంతో వచ్చిందే, ఇప్పుడు అంత ఉండకపోవచ్చు, కానీ మూడింటి మధ్య వరస మాత్రం మారలేదు. మీ ఆయనది మూడో కోవ. దానికి తోడు కన్నతండ్రికి 50 లోపే పెద్దపేగు క్యాన్సర్. కొలైటిస్‌తో పాటు ఇలాంటి కుటుంబ చరిత్ర ఉన్నవాళ్ళను ఏడాదికోసారి చూడాలంటారు. కాబట్టి ఆయన విషయంలో ‘వచ్చే వేసవిలో చూద్దాం’ అనే మాట వద్దు. మామిడి సీజన్‌లో సెలవు దొరకదని నాకు తెలుసు, సీజన్ మొదలవకముందే ఒక వారం చూసుకోండి.

వాపుకూ క్యాన్సర్‌కూ ఏమిటి సంబంధం అని ఆయన అడుగుతారు, అడగాలి కూడా. మన పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తగా తయారవుతూ ఉంటుంది. పాత కణాలు రాలిపోతాయి, అడుగు నుంచి కొత్తవి పుట్టుకొస్తాయి. పుట్టే ప్రతి కణమూ పాత కణంలోని జన్యువులను నకలు తీసుకుంటుంది. పూత ఉన్న పేగులో పొర మాటిమాటికీ దెబ్బతింటుంది కాబట్టి ఆ నకలు పని ఇంకా హడావిడిగా, ఇంకా ఎక్కువసార్లు జరగాలి. ఇది ఒకవైపు. మరోవైపు, వాపు ఉన్నచోట గుమిగూడిన తెల్లకణాలు సూక్ష్మజీవుల మీద వాడే ఘాటైన రసాయనాలను వదులుతాయి, అవి మన కణాల జన్యువులనూ కాలుస్తాయి. పైగా వాపును నడిపించే సంకేతాలు దెబ్బతిన్న కణాన్ని చావనివ్వకుండా బతికిస్తాయి. తప్పులు పెరుగుతున్నాయి, తప్పున్న కణాలు చావడం లేదు. పదేళ్ళు ఇలా జరిగితే ఎక్కడో ఒకచోట కణాల తీరు మారుతుంది. దాన్ని డిస్‌ప్లేసియా అంటారు. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కు ముందు మెట్టు. మొదట తక్కువ స్థాయి, తర్వాత ఎక్కువ స్థాయి, ఆ తర్వాత క్యాన్సర్. అన్నీ ఈ వరసలోనే పోవు, కొన్నిసార్లు మధ్యలో మెట్టు దాటేస్తాయి కూడా.

ఈ సంబంధం నిన్నమొన్న కనిపెట్టింది కాదు. 1925లోనే న్యూయార్క్ డాక్టర్లు క్రోన్, రోజెన్‌బర్గ్ కొలైటిస్ ఉన్న రోగిలో పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన సంగతి రాశారు. ఆ క్రోన్ పేరే 1932 తర్వాత మరో పేగువాపు జబ్బుకు స్థిరపడిపోయింది.

మామూలుగా వచ్చే పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న బుడిపె నుంచి పుడుతుంది. చేనులో ఒకచోట లేచిన కలుపుమొక్క లాంటిది, కనబడుతుంది, పీకేస్తే సరిపోతుంది. కొలైటిస్‌లో వచ్చేది అలా కాదు. ఇక్కడ నేలంతా మారిపోయి ఉంటుంది. పి53 అని ఒక కాపలా జన్యువు ఉంది, కణం చెడితే దాని ఎదుగుదల ఆపడం దాని పని. మామూలు క్యాన్సర్‌లో అది చివర్లో దెబ్బతింటుంది, కొలైటిస్ వల్ల వచ్చే క్యాన్సర్‌లో చాలా ముందే దెబ్బతింటుంది. అందుకని పైకి బాగానే కనిపిస్తున్న పొరలో కూడా మార్పు ఉండొచ్చు, చదునుగా, చుట్టుపక్కల రంగులో కలిసిపోయి. ఈ పరీక్షను ఈ జబ్బులో అనుభవం ఉన్న డాక్టర్ తీరిగ్గా చేయాలని నేను పట్టుబట్టేది అందుకే. ఇప్పుడు పేగు గోడ మీద నీలం రంగు మందు చల్లి చూస్తారు, రంగు గుంటల్లో నిలిచి మార్పున్న చోటు తేలిగ్గా బయటపడుతుంది. అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. రంగు వేసే వీలు లేకపోతే పేగు పొడవునా ప్రతి 10 సెంటీమీటర్లకు నాలుగు వైపులా ముక్కలు తీస్తారు, మొత్తం 30కి పైనే అవుతాయి. ‘అన్ని ముక్కలు కోశారా’ అని ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు. ఒక్కోటి బియ్యపు నూకంత ఉంటుంది, నొప్పి తెలియదు, ఆ గాటు త్వరలోనే మానిపోతుంది.

ఇక ఆయన వాదనకు వద్దాం. బాగున్న కడుపు అంటున్నారు. రక్తం ఆగింది, మంచిదే. కానీ రక్తం ఆగడం వేరు, వాపు ఆరడం వేరు. లక్షణం ఒక్కటీ లేకుండా లోపల పేగు ఎర్రగా ఉన్నవాళ్ళను కెమెరాలో ఎంతోమందిని చూశాను, కెమెరాకు బాగానే కనిపించి మైక్రోస్కోప్ కింద వాపు తేలినవాళ్ళనూ చూశాను. ఏళ్ళ తరబడి ఆ వాపు ఎంత తీవ్రంగా ఉందన్నదాన్ని బట్టే ముప్పు పెరుగుతుంది. వాపు పూర్తిగా ఆరి పేగు మానినవాళ్ళలో ముప్పు బాగా తక్కువ. మెసలమిన్ లాంటి మాత్రలు బాగున్నప్పుడు కూడా వాడమనేది ఈ ఆరిన స్థితిని నిలబెట్టడానికే, వాటివల్ల క్యాన్సర్ ముప్పు కూడా కొంత తగ్గుతుందని చాలా అధ్యయనాలు సూచించాయి. బీపీ మాత్ర బీపీ నార్మల్ అయిందని ఆపేస్తామా? ఇదీ అంతే.

అలాగని పాత చీటీ చూసి మళ్ళీ మందుల షాపులో కొనేయకండి. ఏడాదిన్నర ఆపేశారు కాబట్టి ముందు డాక్టర్‌కు చూపించి, రక్తపరీక్షతో పాటు కిడ్నీల క్రియాటినిన్ కూడా చూసి మొదలుపెట్టాలి. అరుదుగానైనా ఈ మందు కిడ్నీల మీద పనిచేస్తుంది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఒకటుంది, లోపల వాపు ఎంతుందో దాంతో అంచనా దొరుకుతుంది. ఆయన కొలనోస్కోపీకి ఇంకా తటపటాయిస్తుంటే ముందు ఈ పరీక్ష చేయించండి. అది ఎక్కువ వస్తే ఆయనే కదులుతారు. తక్కువ వచ్చినా సరే, కొలనోస్కోపీ మానకూడదు, ఎందుకంటే వాపు ఉందా లేదా అన్నదే అది చెప్తుంది, డిస్‌ప్లేసియా సంగతి దానికి తెలియదు. అలాగే మలంలో కంటికి కనబడని రక్తం చూసే పరీక్ష ఉంది కదా, మామూలు జనానికి అది ఉపయోగమే గానీ కొలైటిస్ ఉన్నవాళ్ళకు కెమెరాకు బదులుగా అది చాలదు.

మగవాళ్ళు ఈ పరీక్ష వాయిదా వేయడానికి అసలు కారణం చాలాసార్లు సిగ్గు, లేదంటే ముందురోజు తాగే మందు. ఆ రెండింటి గురించీ చెప్పండి ఆయనకు. మత్తు ఇస్తారు, వెనకవైపు ఎవరేం చేశారో గుర్తే ఉండదు. పేగు కడిగే మందు మాత్రం రెండు మూడు లీటర్ల దాకా ఉంటుంది, రుచి బాగుండదు, దాచడమెందుకు. సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగితే తేలిక, పేగు కూడా బాగా శుభ్రమవుతుంది. చల్లగా చేసి తాగితే వాంతి వచ్చినట్టు ఉండటం తగ్గుతుంది. రెండు మూడు రోజుల ముందు నుంచి రాగిసంగటి, ఆకుకూరలు, గింజలున్న టమాటా, చెనక్కాయలు ఆపేయాలి, తెల్లన్నం మజ్జిగతో సరిపెట్టుకోవాలి. రాగి పిప్పి పేగు గోడకు అంటుకుని ఉండి పరీక్ష మళ్ళీ చేయాల్సి వచ్చినవాళ్ళు మన జిల్లాలో నాకు చాలామంది తెలుసు. ముందురోజు కొబ్బరినీళ్ళు, వడకట్టిన చారునీళ్ళు తాగొచ్చు, ఎర్రరంగు శర్బత్తులు మాత్రం వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. షుగర్ మందులు, ఐరన్ మాత్రలు, రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

తిరుపతిలో స్విమ్స్ ఉంది, చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి వెళ్ళేవాళ్ళూ చాలామంది ఉన్నారు. ఎక్కడైనా ఫర్వాలేదు, ‘11 ఏళ్ళ కొలైటిస్, పేగు మొత్తం, తండ్రికి 48 ఏళ్ళకు క్యాన్సర్’ అని ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఆ మూడు ముక్కలు చూస్తే డాక్టర్‌కు మిగతా విషయం అర్థమవుతుంది. ఒకవేళ డిస్‌ప్లేసియా కనిపించినా చేతులెత్తేయాల్సిన పని లేదు. హద్దులు స్పష్టంగా కనిపించే చిన్న మచ్చ అయితే కెమెరాతోనే తీసేసి తరచుగా చూస్తారు. తీయడానికి వీల్లేకపోతేనో, చాలాచోట్ల ఉంటేనో పెద్దపేగు తీసే ఆపరేషన్ గురించి మాట్లాడతారు. ఏమీ లేకపోతే ఏడాది తర్వాత మళ్ళీ.

మీరు ఉత్తరం చివర ఇంకొకటి రాశారు, స్థలం లేక పైన వేయలేదు. బాత్‌రూమ్ భయంతో ఆయన అలిపిరి మెట్ల దారిలో నడవడం మానేశారని, పాప పుట్టినప్పటి మొక్కు అలాగే ఉండిపోయిందని. వాపు పూర్తిగా అదుపులోకి వస్తే ఆ 3550 మెట్లూ ఆయన ఎక్కగలరు. దాని గురించి కూడా డాక్టర్‌తో మాట్లాడమనండి, ఇలాంటివి చెప్పుకోవడానికి సిగ్గుపడి రోగులు ఎంత నష్టపోతున్నారో చూస్తే బాధేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 24. కొలైటిస్ ఉందని రెండేళ్ళ కిందట తెలిసింది, విరేచనాలు పెద్దగా లేవు. రక్తపరీక్షలో లివర్‌కు సంబంధించి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ వస్తోంది. స్కానింగ్ నార్మల్. ఒళ్ళంతా దురద అంటాడు. సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు ఈ పరీక్షలన్నీ అవసరమా? - ఒక తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: అవసరమే తల్లీ, ఇది ఆగే విషయం కాదు. కొలైటిస్ ఉన్న కొద్దిమందిలో పిత్తనాళాలు వాచి, మచ్చకట్టి సన్నబడే జబ్బు ఉంటుంది, పొట్టి పేరు పీఎస్‌సీ. మామూలు స్కానింగ్‌లో అది కనబడకపోవచ్చు, ఎంఆర్‌సీపీ అనే స్కాన్ చేయాలి. ఇది ఉంటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది, అందుకని వీళ్ళ విషయంలో ఆ ఎనిమిదేళ్ళ లెక్క వర్తించదు, పీఎస్‌సీ ఉందని తెలిసిన రోజు నుంచే ఏడాదికోసారి కొలనోస్కోపీ. మోసమేమిటంటే, పీఎస్‌సీ ఉన్నవాళ్ళలో పేగు మొత్తం వాచినా విరేచనాలు కొంచెమే ఉంటాయి. అబ్బాయికి ఇది ఉందని నేను అనడం లేదు, దురద, ఆ అంకె రెండూ కలిశాయి కాబట్టి చూడాలి అంటున్నాను. పెళ్ళి మాటకొస్తే, అవతలివాళ్ళకు ముందే చెప్పండి. ఈ జబ్బున్నవాళ్ళు పెళ్ళి చేసుకుని పిల్లల్ని కని బాగానే ఉన్నారు. వాడే మందు సల్ఫాసలజిన్ అయితే దానివల్ల వీర్యకణాలు తగ్గుతాయి, ఆపితే మళ్ళీ వస్తాయి, పెళ్ళి కుదిరాక డాక్టర్‌తో చెప్తే మందు మారుస్తారు.

ప్రశ్న: నాకు క్రోన్స్, చిన్నపేగు చివర్లో ఉంది. ముందు టీబీ అని ఆరునెలలు మందులిచ్చారు. బీడీ అలవాటు ఉంది. నాకూ పెద్దపేగు క్యాన్సర్ వస్తుందా? - పలమనేరు

జవాబు: పెద్దపేగులో జబ్బు లేకపోతే ఆ క్యాన్సర్ ముప్పు మీకు పెద్దగా పెరగదన్నా. క్రోన్స్ పెద్దపేగులో మూడోవంతు కన్నా ఎక్కువ పాకినవాళ్ళకే కొలైటిస్ వాళ్ళలాగా కెమెరా గడువులు వర్తిస్తాయి. జబ్బున్న చిన్నపేగులో క్యాన్సర్ రావొచ్చు గానీ చాలా అరుదు. టీబీ అనుకోవడం మన దేశంలో తరచుగా జరిగేదే, రెండూ ఒకే చోట, ఒకేలా కనిపిస్తాయి. బీడీ మాత్రం ఈ రోజే ఆపండి. క్రోన్స్‌ను అంతగా రెచ్చగొట్టేది ఇంకొకటి లేదు, పొగ తాగేవాళ్ళకు ఆపరేషన్లు ఎక్కువ పడతాయి, ఆపరేషన్ తర్వాత జబ్బు తొందరగా తిరగబెడుతుంది. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా సొంతంగా మింగకండి, పేగువాపు రేగొచ్చు.

ప్రశ్న: టీచర్‌ని. పరీక్షల డ్యూటీ వస్తే చాలు కడుపు కదులుతుంది, ఐబీఎస్ అన్నారు. ఇది కూడా క్యాన్సర్‌కు దారితీస్తుందా? - తిరుపతి

జవాబు: దారితీయదమ్మా. ఐబీఎస్‌లో పేగు ఎక్కువగా స్పందిస్తుంది, అంతే, వాపు ఉండదు, పూత ఉండదు. మొలలు కూడా క్యాన్సర్‌గా మారవు. కానీ రక్తం పడినా, రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి వచ్చినా, బరువు తగ్గినా, హిమోగ్లోబిన్ పడిపోయినా అది ఐబీఎస్ అని సరిపెట్టుకోకండి. చూపించుకోండి.

ప్రశ్న: ఇల్లు మారినప్పుడు పాత కొలనోస్కోపీ రిపోర్టులు పోయాయి. మళ్ళీ మొదటి నుంచి చేయించాలా? - రేణిగుంట

జవాబు: ముందు పరీక్ష చేసిన ఆసుపత్రి రికార్డుల గదిలో అడగండి, పేరు, వయసు, సుమారు తేదీ చెప్తే చాలాచోట్ల దొరుకుతుంది. బయాప్సీ చేసిన ల్యాబ్‌లో మీ ముక్క మైనపు దిమ్మలో భద్రంగా ఉండొచ్చు, దాన్నే బ్లాక్ అంటారు, కావాలంటే దాని నుంచి మళ్ళీ స్లైడ్ తీసి ఇంకో డాక్టర్‌తో చదివించవచ్చు. డిస్‌ప్లేసియా అని ఎవరైనా రాస్తే రెండో అనుభవజ్ఞుడు చదవడం ఎలాగూ మంచిది, ఎందుకంటే వాపు ఎక్కువగా ఉన్నప్పుడు తీసిన ముక్కలో అది ఉన్నట్టు అనిపించి తర్వాత లేదని తేలడం జరుగుతుంటుంది. ఏ రిపోర్టూ దొరక్కపోతే, మొదటిసారి రక్తం పడింది ఏ ఏడాదో ఇంట్లోవాళ్ళతో కూర్చుని గుర్తుచేసుకుని రాసి పెట్టుకోండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.